పద్యము చెవికెక్కు విధము

ప్రశ్న: పుస్తకమున సామాన్యముగ తోచిన పద్యమే రంగస్థలముపై నటుడు చదువగా ఒడలు పులకరించుచున్నది. ఇది గాత్రమహిమయా, కవిత్వమహిమయా?

జవాబు: రెండునుగూడ, కాని పాళ్లు పద్యమునుబట్టి మారుచుండును. మన ఛందస్సు చెవికొఱకు పుట్టినది. ఉత్పలమాలలో పదవ అక్షరమున యతి కుదిరినదో లేదో కన్ను వెదకి తెలిసికొనవలెను. అలవాటుపడిన చెవికి ఆ శ్రమ లేదు. సీసమును గమనింపుడు: నాలుగు పాదములును రెండేసి భాగములై, ఎనిమిది మాఱులు ఊగుచు, శ్రోతలో నిరీక్షణను పెంచి పెంచి, తుదకు తేటగీతిలోనో ఆటవెలదిలోనో నడక మార్చి విశ్రాంతి నొసగును. మౌనపఠనమున ఈ నిరీక్షణము కలుగుట అరుదు. కన్ను తొందరపడి ముందే గీతమును చూచివేయును గదా!

తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయము’లలోని రాయబారపు పద్యములు చదువురానివారికిని కంఠస్థమగుటకును, కరుణశ్రీ ‘పుష్పవిలాపము’ ఘంటసాలవారి రికార్డు మూలమున ఊరూర మ్రోగుటకును ఈ శ్రవణమార్గమే హేతువు. అయితే సమాసమధ్యమున ఊపిరి తీసికొని, పాదాంతమున రాగమును సాగదీసి, ‘వన్స్‌మోర్’ కేకకై ఎదురుచూచు నటులును గలరు. అట్టిచోట శ్రోత మెచ్చునది గొంతునే కాని పద్యమును గాదు. నా మట్టుకు హార్మోనియము లేక చదివిన పద్యమే మేలు.

మీరు మొదట అన్వయము చూచుకొని, విఱుపులకడ పెన్సిలుతో గీతలు పెట్టుకొని, ఇంటిలో నొకరికి చదివి వినిపింపుడు.