కంప్యూటరు చెడినదా, కరెంటు చెడినదా?

పంచాయతీ కార్యాలయమున కంప్యూటరు ఆగిపోయిన వెంటనే పట్టణములోని మెకానిక్కునకు కబురు పోవుట పరిపాటి. అతడు పెట్టెను తీసికొనిపోయి, లోపలి పవర్ సప్లయి మార్చి తెచ్చును. కొలది నెలలకే అదియు కాలిపోవును. ఒకే భాగము రెండవసారి కాలినచో దోషము పెట్టెలో గాక గోడలో నున్నదేమో యని అనుమానించుట న్యాయము. చదువుకొను పిల్లల కొరకు ఇంట కంప్యూటరు పెట్టుకొన్నవారికిని ఈ మాట వర్తించును.

పరీక్ష వెలుపలినుండి లోనికి సాగవలెను. పెట్టెను తీసివేసి అదే సాకెట్టునకు టేబుల్ దీపమును తగిలించి చూడవలెను. అది వెలిగినచో యు.పి.ఎస్.ను తప్పించి కంప్యూటరును నేరుగా గోడకు తగిలింపవలెను. అపుడు పనిచేసినచో లోపము యు.పి.ఎస్.లోనిదే. ఇండ్లలో వాడు చిన్న యు.పి.ఎస్.లలో సాధారణముగా 12 ఓల్టుల బ్యాటరీ యుండును. రెండు మూడేండ్లు గడచిన పిమ్మట అది క్షీణించి, కరెంటు పోయిన మరుక్షణమే చేతులెత్తివేయును. లేజరు ప్రింటరును దానికి తగిలింపరాదు. కాగితముపై పొడిని అంటించు రోలరు వేడెక్కునపుడు ఆ యంత్రము ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగును.

కొన్ని పాత పెట్టెల వెనుక 115, 230 అని రెండు స్థానములు గల చిన్న ఎర్రని స్విచ్చి యుండును. మనకు 230 మాత్రమే తగును. పిల్లలు ఆడుకొనుచు దానిని జరిపినచో, స్విచ్చి వేయగానే పవర్ సప్లయి పేలును. కంప్యూటరు తెరచిన ప్రతిసారి తేదీ వెనుకకు పోవుచున్నచో భయపడ నక్కరలేదు. బోర్డుపైనున్న నాణెమంత 3 ఓల్టుల బ్యాటరీని మార్చిన చాలును. అయితే పవర్ సప్లయి డబ్బాను మాత్రము ఎవరును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి కెపాసిటర్లలో 300 ఓల్టులకు మించిన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండ వచ్చును.

ఇక పెట్టెను తాకిన చేతికి చిమచిమ యనుట. దీనిని పలువురు నవ్వి విడిచిపెట్టుదురు. పవర్ సప్లయిలో ఫేజునుండి, న్యూట్రలునుండి లోహపు తొడుగునకు చిన్న కెపాసిటర్లు కలిపియుండును. వాటిద్వారా వచ్చు స్వల్పమైన కరెంటు ఎర్తు తీగగుండా భూమిలోనికి పోవలెను. ఎర్తు లేనిచో తొడుగుపై సుమారు 115 ఓల్టులు నిలుచును. కరెంటు అత్యల్పము గనుక అది చిమచిమలాడించుటతో సరిపుచ్చును. కాని ఆ చిమచిమ ఎర్తు లేదను వార్తను తెచ్చినది. రేపు లోపలి తీగ ఒరసికొని తొడుగునకు తగిలినచో, అదే పెట్టె ప్రాణము తీయగలదు.

దీనికి కొందరు చేయు వైద్యము రోగముకంటె ప్రమాదకరము. సాకెట్టులోనే ఎర్తు రంధ్రమును న్యూట్రలునకు చిన్న తీగతో కలిపివేయుదురు. చిమచిమ నిలిచిపోవును, యజమాని సంతసించును. కాని వెలుపల ఎక్కడనో న్యూట్రలు తెగిన దినమున ఫేజు ఆ యింటి దీపముగుండా, ఆ తీగగుండా వచ్చి కంప్యూటరు తొడుగుపై 230 ఓల్టులుగా కూర్చుండును. ఇట్టి తీగ కనిపించినచో మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియనుచే తీసివేయించి, నిజమైన ఎర్తు వేయింపవలెను.

ట్రాన్సుఫార్మరు వద్ద న్యూట్రలు ఊడినచో కీడు వీధి యంతటికిని పాకును. వేర్వేరు ఫేజుల మీది యిండ్లు ఒకదానితో నొకటి వరుసలో పడి, వాటినడుమ సుమారు 400 ఓల్టులు పంపకమగును. ఎక్కువ వాడుక గల ఫేజు మీది యింట దీపము మసకబారును. తక్కువ వాడుక గల ఫేజు మీది యింట మితిమీరి ప్రకాశించును. ఆ ప్రకాశించిన యిండ్లలోనే కంప్యూటర్లు, టీవీలు కాలిపోవును. ఒకే వేళ ఒక యింట మసక, పొరుగింట మిరుమిట్లు కానవచ్చినచో అందరును మెయిన్ స్విచ్చి ఆపి లైనుమనుకు కబురు పంపవలెను. తమ వార్డులోని వారికి ఈ ఒక్క గుర్తు తెలియజెప్పుట సభ్యులకు కష్టమైన పని కాదు.

కార్యాలయపు సాకెట్టును ఎలక్ట్రీషియనుచే మల్టీమీటరుతో కొలిపింపవలెను. ఫేజు, న్యూట్రలుల నడుమను, ఫేజు, ఎర్తుల నడుమను ఇంచుమించు 230 ఓల్టులు, న్యూట్రలు, ఎర్తుల నడుమ రెండు మూడు ఓల్టులకు లోపున ఉండుట మంచిది. అయినను మల్టీమీటరు అంకెలు చూచి ఎర్తు దిట్టమని నమ్మరాదు. సన్నని తుప్పు అతుకు కూడ అదే అంకె చూపును. ఎర్తు నిరోధము కొలుచుటకు వేరుగా పరికరము కలదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంట వేసవిలో ఎండి పనికిరాకుండ పోవును గావున అపుడపుడు నీరు పోయించుచుండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును కోసివేయు ఆర్.సి.సి.బి.ని మెయిన్ బోర్డులో పెట్టించుట వలన అదనపు రక్షణ కలుగును. ఉరుములు మొదలిడినపుడు కరెంటు ప్లగ్గుతో బాటు ఇంటర్నెట్టు రాగి తీగను కూడ ఊడదీయవలెను. పిడుగుపాటు తాకిడి ఆ తీగవెంట కూడ లోనికి రాగలదు.