ఓడ తేలాకే తుది అమరిక

ప్రశ్న: ఓడ ఇంజనును ఒడ్డునే సరిచూసి బిగించేస్తే సరిపోదా? – ఒక పాఠకుడు, వాల్మీకిపురం

జవాబు: సరిపోదు. 1948లో ‘జల ఉష’ అనే ఓడ జలప్రవేశం చేసిన విశాఖ షిప్‌యార్డులోనైనా, మరెక్కడైనా, దిమ్మలపై నిలిచిన ఓడ నీటిలో తేలగానే దాని ఉక్కు దేహం కొద్దిగా వంగుతుంది కనుక, ప్రొపెల్లరును తిప్పే పొడవాటి ఇరుసును, అంటే షాఫ్టును, ముందే లేజరుతో సరిచూసినా తుది కొలతలు తేలిన తరువాతే తీస్తారు. ఎండకు డెక్కు వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ కొలతలకు తెల్లవారుజామే అనువు. షాఫ్టు ముక్కలను కలిపే ఫ్లాంజిల నడుమ ఎడాన్ని పలుచని ఉక్కు రేకులైన ఫీలర్ గేజితో పైనా కిందా ఇరుపక్కలా కొలుస్తారు. ఆ ఎడం అన్నివైపులా సమానంగా ఉండాలన్నది అపోహే; బేరింగులపై బరువు సరిగా పడేందుకు లెక్కగట్టిన తేడాను కావాలనే ఉంచుతారు. ఆపై ఇంజను కింద ఎపాక్సీ రెసిన్ పోసి, అది గట్టిపడ్డాకే బోల్టులు పూర్తిగా బిగించి, క్రాంకుషాఫ్టు వంపును డయల్ గేజితో మళ్లీ పరీక్షిస్తారు.