ధర్నాకు బయల్దేరే ముందు: చేయవలసినవి, చేయకూడనివి

2023 డిసెంబరు 20న మూడు కొత్త నేర చట్టాల బిల్లులకు లోక్‌సభ ఆమోదముద్ర పడేనాటికి దాదాపు వందమంది ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. మర్నాడు రాజ్యసభలోనూ గట్టెక్కాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. సభలో గట్టిగా వినిపించింది రాజద్రోహం, ఉగ్రవాదం గురించి. ప్లకార్డు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడేవాళ్ళకు తగిలే సెక్షన్లు వేరే ఉన్నాయి, వాటి మీద జరగాల్సినంత చర్చ జరగలేదనే నా అభిప్రాయం. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. దాని మీద ఆంక్ష పెట్టవచ్చు గానీ అది సహేతుకంగా ఉండాలి. ఉందో లేదో తేల్చేది కోర్టు. కోర్టు ముందు నిలిచేది కాగితం. అందుకే మంచినీళ్ళ సీసా కంటే ముందు కాగితాల సంగతి చెబుతాను.

కాగితం

నిర్వాహకులైతే అనుమతి కోరుతూ దరఖాస్తు రాసివ్వండి. తేదీ, వేళ, ఊరేగింపు దారి, వచ్చే జనం అంచనా, బాధ్యుల పేర్లు అందులో ఉండాలి. నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. “సీఐ గారు సరేనన్నారు” అన్న మాట నమ్ముకుని మైకు కట్టించకండి. కాదంటే కారణం రాసిమ్మని అడగండి. హైకోర్టుకు వెళ్ళి షరతులతో అనుమతి తెచ్చుకున్న సభలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్ 2018లో మళ్ళీ జనానికి దక్కింది హైకోర్టు జోక్యంతోనే.

“30 యాక్టు ఉంది, 144 ఉంది” అని రెంటినీ కలిపి చెప్పేవాళ్ళను చూసి బెదరకండి. 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ అమల్లో ఉందంటే ఊరేగింపుకు అనుమతి తీసుకోవాలని అర్థం, సభలే పెట్టకూడదని కాదు. పాత 144 ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్. దీని కింద నిషేధం పెట్టవచ్చు. అయితే ఉత్తర్వు రాతలో ఉండాలి, కారణాలు చెప్పాలి, మామూలుగా 2 నెలలు దాటకూడదు. న్యాయమైన నిరసన గొంతు నొక్కడానికి దాన్ని వాడకూడదని, ఉత్తర్వును ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. కాబట్టి ఉత్తర్వు కాపీ అడిగి ఫోటో తీసుకోండి. అది నిజంగా ఉంటే మాత్రం ధిక్కరించి వెళ్ళకండి. మామూలు ఉల్లంఘనకు శిక్ష ఇదివరకు ఒక నెల వరకే, కొత్త న్యాయ సంహిత 223వ సెక్షన్‌లో ఆరు నెలల దాకా పెరిగింది.

గుంపులో

2022 డిసెంబరు 28న కందుకూరు సభలో ఎనిమిది మంది తొక్కిసలాటలో పోయారు. నాలుగు రోజులకే గుంటూరులో మరో ముగ్గురు. 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలనే కట్టడి చేసింది. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కు నిలిచింది సరే, ఇరుకు సందు మాత్రం ఇరుకుగానే ఉంటుంది. అక్కడ ఒళ్ళు కాపాడుకోవలసింది మనమే.

వెళ్ళగానే బయటికి పోయే దారులు రెండు చూసి పెట్టుకోండి. మురుగు కాలువ పక్కన, బారికేడ్‌కు ఆనుకుని నిలబడకండి. తోపులాట మొదలైతే చేతులు మడిచి రొమ్ముకు అడ్డం పెట్టుకోండి, ఊపిరాడడానికి ఆ కాస్త చోటే ఆధారం. ప్రవాహానికి ఎదురీదకండి, ఐమూలగా అంచుకు జరగండి. చెప్పు జారినా ఫోన్ పడినా వంగి తీయకండి. చంటిపిల్లల్ని అసలు తీసుకెళ్ళకండి. అంబులెన్సుకు దారి ఇవ్వడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

బాష్పవాయువు వదిలితే గాలికి ఎదురు దిశగా, ఎత్తు ప్రదేశానికి వెళ్ళండి, పొగ కిందికి దిగుతుంది. కళ్ళు నలపకండి, మంచినీళ్ళతో కడగండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని, ముఖానికి జిడ్డు క్రీములు రాసుకుని వెళ్ళకండి. కింద పడ్డ గుండును చేత్తో ఎత్తకండి, కాలుతుంది.

పక్కవాడు రాయి తీస్తే అక్కణ్ణుంచి తప్పుకోండి. మొహమాటానికి పోయి నిలబడకండి. ఐదుగురు, అంతకు మించి ఉన్న గుంపు చట్టవిరుద్ధంగా మారి, దాని ఉమ్మడి ఉద్దేశంలో భాగంగా ఒకడు నేరం చేస్తే, అందులో ఉన్న ప్రతివాడి మీదా అదే నేరం పడుతుంది. పోలీసులు వెళ్ళిపొమ్మన్నాక కూడా అలాంటి గుంపులో ఉంటే రెండేళ్ళ దాకా జైలు. బస్సు అద్దం పగిలితే 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల చట్టం వస్తుంది. విధ్వంసం జరిగితే నిర్వాహకులు కూడా జవాబు చెప్పాలని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. కార్యకర్తలకు బ్యాడ్జీలిచ్చి, ఎవరెవరు మీవాళ్ళో తేలేలా చూసుకోండి.

పోలీసులు ఆపితే

నాగరిక సురక్షా సంహిత 172వ సెక్షన్ మనవాళ్ళు ఎక్కువమంది విననిది. పోలీసు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించి తీరాలని, ఎదురాడినవాణ్ణి అక్కణ్ణుంచి తీసుకుపోవచ్చని అది చెబుతుంది. చిన్న సంగతైతే 24 గంటల్లోపు వదలాలి. కాబట్టి చేయి విసరకండి, కాలర్ పట్టుకోకండి, వ్యాను ముందు పడుకోకండి. “సార్, ఏ సెక్షన్ కింద తీసుకెళ్తున్నారు? ఎక్కడికి?” అని మెల్లగా, నలుగురికీ వినపడేలా అడగండి. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించేలా బ్యాడ్జీ పెట్టుకోవాలి, కారణం చెప్పాలి, మీరు చెప్పినవాళ్ళకు కబురు పంపాలి, ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. లాయరు నంబరు ఫోన్‌లోనే కాక చేతి మీద కూడా పెన్నుతో రాసుకోండి, అక్కడ ముందు పోయేది ఫోనే. లాయరు లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100.

‘ఛలో’ అనగానే ముందురోజు రాత్రే నాయకుల గుమ్మంలో పోలీసులు కూర్చోవడం మనకు అలవాటైపోయింది. ముందస్తు అరెస్టుకు అదే సంహితలో 170వ సెక్షన్ ఉంది, కానీ ఇంట్లోనే ఉంచి తలుపు దగ్గర కాపలా పెట్టే అధికారం అందులో రాసి లేదు. ఉత్తర్వు చూపమనండి. చూపకపోతే గొడవపడకుండా వీడియో తీసి లాయరుకు పంపండి.

దెబ్బ తగిలితే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి మెడికో లీగల్ కేసుగా రాయించండి. మేజిస్ట్రేటు అడిగినప్పుడు, అడక్కపోయినా, ఆ దెబ్బల గురించి చెప్పండి. ఇతరుల ముఖాలు కనిపించే వీడియోలు వాళ్ళనడక్కుండా గ్రూపుల్లో పెట్టకండి. సొంత పూచీకత్తు మీద వదులుతామని కాగితం ముందుంచితే పూర్తిగా చదవండి, ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.