బ్యారన్ దగ్గర అడిగిన ప్రశ్న

జనవరి వచ్చిందంటే మా జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఊళ్ళలో రాత్రిళ్ళు ఒక వాసన కమ్ముకుంటుంది. పచ్చాకు పండి, ఎండి, బంగారు రంగుకు తిరిగే వాసన. ఈ మెట్టలో పెరిగినవాళ్ళకి అది డబ్బు వాసన కూడా. అప్పు తీరడం, ఆడపిల్ల పెళ్ళి, కాలేజీ ఫీజు అన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి. మా ఊళ్ళో పొగాకు బోర్డు వేలం కేంద్రాలు రెండున్నాయంటే ఈ పంట మాకేమిటో వేరే చెప్పక్కర్లేదు.

పోయిన ఏడాది మా అన్నయ్య పొగాకు బ్యారన్ దగ్గరికి, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని తీసుకెళ్ళాను. చీకటి పడింది. పొయ్యి నోట్లోకి జామాయిల్ దుంగ తోస్తున్నారు. ఆ మంట వేడి ఇనప గొట్టాల్లో తిరిగి బ్యారనంతా కాగుతుంది, పొగ పైన గొట్టంలోంచి పోతుంది. చిన్న అద్దం కిటికీలోంచి థర్మామీటరు చూసుకుంటూ డిగ్రీలు పెంచుకుపోతారు. మొదట ముప్పై అయిదు దగ్గర ఆకు పండాలి, ఆఖర్న ఈనె ఎండాలంటే డెబ్భై దాకా పోవాలి. ఐదారు రోజులు రాత్రీ పగలూ ఆ మంట ఆరకూడదు. కాపలా ఉన్నాయన నులకమంచం మీద కూర్చునే కునుకు తీస్తున్నాడు.

"ఎన్ని కట్టెలు కావాలి మావయ్యా?" అని అడిగింది.

"కిలో ఆకు చేతికి రావాలంటే నాలుగైదు కిలోల కట్టె కాలాలమ్మా" అన్నాడు అన్నయ్య.

"మరి ఆ చెట్లు మళ్ళీ ఎవరు నాటుతున్నారు?"

అన్నయ్య పొయ్యి వైపు చూశాడు. నేను అన్నయ్య వైపు చూశాను. ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఇంటికొచ్చే దారిలో "పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకు, సైన్సు పరీక్ష ఉంది చూసుకో" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. మీలాంటి అమ్మానాన్నలకి ఇదంతా రాయడానికి ఆ బాధే కారణం.

నేను బడిలో పాఠాలు చెప్పేదాన్నే. పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరి పాఠంగా చెప్పాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. చెబుతున్నాం. పిల్లలు నేర్చుకుంటున్నారు కూడా. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుందని, అందుకే కురిస్తే కుండపోతగా కురుస్తుందని వాళ్ళకి తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు ఊళ్ళు ఏమయ్యాయో టీవీలో చూశారు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించేసరికి భయం పుడుతుంది. భయం పుట్టిన పిల్ల ముందుగా వచ్చేది మన దగ్గరికే.

అప్పుడు మనం రెండు రకాలుగా పొరపాటు పడుతున్నాం. ఒకటి నేను చేసింది, నోరు మూయించడం. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి ఎవరూ పొరపాటనుకోరు. "భూమిని కాపాడాల్సింది మీ తరమేనమ్మా" అని చేతిలో అట్టముక్క పెట్టి ర్యాలీకి పంపడం, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకోవడం. ఓటు లేదు, సంపాదన లేదు, ఇంట్లో ఏ ఫ్యాను కొనాలో చెప్పే అధికారం లేదు. అలాంటి పిల్ల మీద భూమి మొత్తం బరువు పెడితే ఎలా మోస్తుందండీ? రాత్రి నిద్ర పట్టక ఒకటే దొర్లే పిల్లల్ని నేను చూశాను. వాళ్ళకి కావాల్సింది బాధ్యత కాదు, తోడు. ముందు మీరు నడవండి. పక్కన రానివ్వండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఇంటి కరెంటు మీటరు దగ్గర. నెల మొదట్లో ఒకసారి, ఆఖర్న ఒకసారి అంకె పిల్ల చేత రాయించండి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి ఇంచుమించు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి వస్తుంది కాబట్టి. లెక్క వాళ్ళే కడతారు. కానీ ఒక్క జాగ్రత్త: ఆ లెక్క పట్టుకుని నానమ్మ గదిలో ఏసీ మీదికి వెళ్ళకూడదు. మే నెలలో మన దగ్గర ఎండ తెలిసిందే, వయసు మళ్ళినవాళ్ళకి చల్లదనం ప్రాణం నిలబెట్టేది. దానికి బదులు డాబా మీద సోలార్ పెట్టే సంగతి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయలు సబ్సిడీ వస్తుంది. మిగతా ఖర్చు మనకి తూగుతుందా లేదా అన్నది కూడా పిల్లల ముందే లెక్క వేయండి. తూగకపోతే తూగలేదని చెప్పండి. నిజం చెప్పిన అమ్మానాన్నల్ని పిల్లలు నమ్ముతారు.

ఇంటి లెక్క అయ్యాక దేశాల లెక్కకి రండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అత్తయ్యో బాబాయో ఉన్న ఇళ్ళు ఈ జిల్లాలో చాలానే ఉన్నాయి. అమెరికాలో ఏడాదికి మనిషికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన దేశంలో రెండు టన్నులు. ఇక మన పక్కనే ఏజెన్సీలో తునికాకు ఏరుకుని బతికే కుటుంబం వాటా ఎంతుంటుందో పిల్లలే ఊహించుకోగలరు. వరద మాత్రం ముందు ఆ ఏజెన్సీ ఇంటికే వచ్చింది. వాతావరణ న్యాయం అనే మాటకి అర్థం ఇంతకంటే దగ్గరగా ఎక్కడా దొరకదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ఊరి పిల్లలకి ఈ న్యాయం సంగతి పక్క బెంచీ విషయం.

మా తరగతిలో ఒక పాప పోలవరం ప్రాజెక్టు నిర్వాసితుల కుటుంబం నుంచి వచ్చింది. తాడువాయి పునరావాస (ఆర్ అండ్ ఆర్) కాలనీలో ఉంటారు. వాళ్ళింటికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. సిమెంటు శ్లాబు ఇల్లు, గట్టి గోడలు, కరెంటు ఉంది. వాళ్ళ మామ్మ మాత్రం ఇంట్లో లేదు. శ్లాబు కింద కూర్చోలేక రోడ్డు వార వేపచెట్టు కింద కూర్చుంది. పాత ఊళ్ళో వెదురు తడికకి మట్టి మెత్తిన గోడలు, పైన తాటాకు. వేసవిలో చల్లగా ఉండేదట. ఇంటి వెనక చింతచెట్టు, నాలుగు అడుగులేస్తే ఇప్పచెట్లు. "ఇక్కడ నీడ కూడా ఎవరినో అడిగి కూర్చోవాలమ్మా" అంది.

పోలవరంలో 960 మెగావాట్ల జలవిద్యుత్తు రావాలన్నది ప్రణాళిక. బొగ్గు కాల్చని కరెంటు. అది మంచిదే, నేను కాదనను. కానీ ఆ ప్రాజెక్టు కింద 370కి పైగా ఆవాసాలు ముంపులో ఉన్నాయి, వాటిలో ఉండేవాళ్ళలో చాలామంది కోయలు, కొండరెడ్లు. మీ పిల్ల "బొగ్గు లేని కరెంటు కోసం వాళ్ళ ఊరు పోవాలా?" అని అడిగితే "ప్యాకేజీ ఇచ్చారుగా" అని మాత్రం అనకండి. దయచేసి అనకండి. ఆ పిల్ల అడిగేది డబ్బు లెక్క కాదు. రేపు మన జిల్లాలో సోలార్ పార్కు వచ్చినా, మరొకటి వచ్చినా, భూమి ఎవరిది, అడిగి తీసుకున్నారా, పని ఎవరికి దొరుకుతుంది అని అడిగే అలవాటు ఈ వయసులోనే పడాలి. ఆ పాపని మీ ఇంటికి పిలవండి, మీ పిల్లని వాళ్ళింటికి పంపండి. స్నేహం కుదిరితే మిగతావి వాళ్ళే మాట్లాడుకుంటారు.

"ఉద్యమాలంటే కేసులు కదండీ, మాకు భయం" అంటారు చాలామంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. తడి నేలని పనికిరాని భూమిగా కాగితాల మీద చూపించారని ఊరివాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నదే నిజమైంది. ఈ కథ పిల్లలకి చెప్పాలి. రెండు సంగతులూ చెప్పాలి, పోయిన ప్రాణాలూ, నిలిచిన బీలా. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల్ని ధర్నాలో ముందు వరసలో నిలబెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. అక్కడ నిలబడాల్సింది మనం.

నిలబడటానికి చోట్లు చాలా ఉన్నాయి, అన్నీ లాఠీ దాకా పోయేవి కావు. గ్రామసభ ఉంది. పెద్ద పరిశ్రమ వస్తుంటే 2006 పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ముప్పై రోజుల ముందు చెప్పి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, అందులో లేచి మాట్లాడొచ్చు. సోమవారం ఏలూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. పది రూపాయలు మించని ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. 2024లో రంజిత్‌సిన్హ్ కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు చెడు ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కేనని చెప్పింది. అలాంటి హక్కు ఒకటుందని పిల్లలకి పుస్తకంలో చదివి చెప్పడం కంటే, అమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుని నలుగురిలో లేచి ప్రశ్న అడగడం చూపించడం మేలు. మొదటిసారి నా గొంతు వణికింది. మా అమ్మాయి చూసింది. చూడనివ్వండి.

భయపడే పిల్లకి ఇంకో సంగతి కూడా చెప్పండి, మనవాళ్ళు చేసి చూపించినది. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిని మరో ఇద్దరు విజేతలతో కలిసి పంచుకుంది. యూరియా బస్తాలు తగ్గించి, ఆవు పేడతో ఘనజీవామృతం చేసుకుని, ఏడాది పొడవునా నేలని పచ్చగా కప్పి ఉంచే పని అది. దాన్ని ఊరూరా మోసినవాళ్ళలో మహిళా సంఘాల ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళు మీ వీధిలోనూ ఉండి ఉంటారు. ఒక ఆదివారం పొద్దున వాళ్ళ పొలానికి పిల్లని తీసుకెళ్ళండి, చేత్తో మట్టి ముట్టుకోనివ్వండి.

పొగాకు రైతు ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి చివరగా ఒక మాట. మనకి తిండి పెట్టిన పంట మీద పిల్ల ప్రశ్న వేస్తే మనసు చివుక్కుమంటుంది. అన్నయ్యకీ చివుక్కుమంది, రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, ఈసారి కట్టెల ట్రాక్టరు వచ్చినప్పుడల్లా కాటా చీటీలు పారేయకుండా దాచిపెట్టాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు రబ్బరుబ్యాండు చుట్టిన ఆ చీటీల కట్ట మేనకోడలి చేతిలో పెట్టాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా కూడికలు వేశారు.