యుగాంతం సినిమా చూసి భయమేసిందా? పరీక్షిత్తు అడిగిన ప్రశ్న గుర్తు చేసుకోండి

ఈ వారం వీడియోలో కల్కి అవతారం గురించి, ప్రళయం గురించి మాట్లాడుకున్నాం. టైమ్ సరిపోక అందులో వదిలేసిన ఒక ముఖ్యమైన విషయాన్ని ఇక్కడ నెమ్మదిగా చూద్దాం.

యుగాంతం సినిమాలు అర్ధరాత్రి దాకా చూసి, ఆ తర్వాత అలాంటి రీల్సే వరుసగా చూస్తూ పోతే మనసులో ఒక గుబులు మొదలవుతుంది. "అంతా అయిపోయేదే అయితే ఈ చదువెందుకు, ఈ ఉద్యోగమెందుకు?" అనిపిస్తుంది. ఆ గుబులుకి మన గ్రంథాలు ఏం జవాబు చెప్పాయన్నదే ఈ పాఠం.

ముందు ఆ సినిమా సంగతి

ఈ తరహా సినిమాల్లో బాగా పేరున్నది 'లెఫ్ట్ బిహైండ్'. టిమ్ లహే, జెర్రీ జెంకిన్స్ కలిసి రాసిన నవలలు దీనికి మూలం. 1995లో మొదలైన ఆ వరుస 16 పుస్తకాల దాకా సాగింది. 2000లో ఒకసారి, 2014లో నికొలస్ కేజ్ హీరోగా మరోసారి సినిమాగా వచ్చింది. లండన్ వెళ్తున్న విమానంలో కొంతమంది ఉన్నట్టుండి మాయమైపోతారు. సీట్లలో వాళ్ల బట్టలు మాత్రం ఉంటాయి. దేవుడు తనవాళ్లను పైకి తీసుకెళ్లిపోయాడు, మిగతావాళ్లు వెనక మిగిలిపోయారు. ఆ టైటిల్‌కి అర్థం కూడా అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కథకు ఆధారమైన 'రాప్చర్' అనే నమ్మకం ఈ రూపంలో ప్రచారంలోకి వచ్చింది 19వ శతాబ్దంలో, జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి వల్ల. కేథలిక్, ఆర్థడాక్స్ సంప్రదాయాలు దీన్ని ఇలా అంగీకరించవు. కాబట్టి మీ పక్కింటి క్రైస్తవ కుటుంబం నమ్మేది ఈ సినిమానే అనుకోకండి. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం, ఇప్పటి టర్కీ ప్రాంతంలోని ఏడు సంఘాలను ఉద్దేశించి రాసినది. రోమన్ పాలనలో కష్టాలు పడుతున్నవాళ్లకు "ఓర్చుకోండి, ఈ దౌర్జన్యం శాశ్వతం కాదు" అని ధైర్యం చెప్పడం దాని ఉద్దేశం అని చాలామంది పండితులు చెబుతారు. ధైర్యం కోసం రాసినదాన్ని థ్రిల్లర్ చేస్తే భయమే మిగులుతుంది.

ఇక తేదీల సంగతి. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు తిరిగొస్తాడని ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. రెండు రోజులూ మామూలుగానే తెల్లారాయి. ఆ ఘడియ ఎవరికీ తెలియదని సువార్తలోనే ఉంది. అయినా మనం నవ్వుకోవడానికి లేదు. 2012 డిసెంబర్ 21న ఏదో అయిపోతుందని మనవాళ్లూ కంగారుపడ్డారు. ఎక్కడ వరదొచ్చినా, ఎక్కడ భూకంపమొచ్చినా "వీరబ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అంటూ ఒక రీల్ తయారైపోతుంది.

మన పాలమూరు వైపు నుంచి వచ్చిన కల్కి

2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' మీలో చాలామంది చూసే ఉంటారు. దర్శకుడు నాగ్ అశ్విన్ కుటుంబానిది నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలంలోని ఐతోలు. సినిమాలో చివరి నగరం కాశీ. శంబల అణచివేతకు ఎదురుతిరిగినవాళ్ల రహస్య స్థావరం. ఇదంతా దర్శకుడి కల్పన, కల్పనగానే ఆనందించాలి. భాగవతం ద్వాదశ స్కంధంలో ఉన్నది వేరు. శంబల గ్రామంలో విష్ణుయశుడనే బ్రాహ్మణుడి ఇంట కల్కి అవతరిస్తాడని, ఆ తర్వాత కృతయుగం మళ్లీ మొదలవుతుందని అక్కడ ఉంది.

లెక్క కూడా చూడండి. కలియుగం 4,32,000 సంవత్సరాలు. సంప్రదాయం ప్రకారం అది మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో. అంటే గడిచింది ఐదువేల చిల్లర. ఇంకా 4,26,000 ఏళ్లకు పైనే ఉంది. కాబట్టి "వచ్చే ఏడాదే కలియుగాంతం" అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి చాలు.

"మరి నా చావు సంగతో?" అంటారా? అసలు ప్రశ్న అదే. యుగాంతం భయం వెనక దాగి ఉండేది ఈ భయమే.

ఏడు రోజుల గడువు

భాగవతం మొత్తం ఎవరికి చెప్పారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. శమీక మహర్షి మెడలో చచ్చిన పాము వేసినందుకు, ఏడో రోజున తక్షకుడి కాటుతో మరణిస్తావని పరీక్షిత్తుకు శాపం వచ్చింది. లోకంలో ఎవరికీ తెలియని తేదీ ఆయనకు తెలిసిపోయింది. ఆయన ఏం చేశాడు? రాజ్యాన్ని జనమేజయుడికి అప్పగించి గంగ ఒడ్డున కూర్చున్నాడు. శుకమహర్షి వస్తే తప్పించుకునే ఉపాయం అడగలేదు. మరణం దగ్గరపడ్డవాడు ఏం వినాలి, ఏం స్మరించాలి, ఏం చేయాలి అని అడిగాడు.

శుకుడి జవాబులో నాకు బాగా నచ్చేది ఖట్వాంగుడి ప్రస్తావన. ఆ రాజుకు మిగిలింది ఒక్క ముహూర్తం, అంటే మన లెక్కలో 48 నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే అన్నీ వదిలి హరిని శరణు పొందాడు. "నీకింకా ఏడు రోజులున్నాయి కదా" అంటాడు శుకుడు! ఏడు రోజులే ఉన్నాయని ఏడ్చే చోట, ఏడు రోజులున్నాయి కదా అని చెప్పడం. దృష్టి ఎలా మారిపోయిందో చూడండి. కలిదోషాలన్నీ వర్ణించాక కూడా శుకుడు, హరినామ కీర్తనతోనే తరించవచ్చన్నది ఈ యుగానికున్న గొప్ప గుణం అంటాడు. అంతా విన్నాక, తక్షకుడంటే ఇక భయం లేదని పరీక్షిత్తే చెబుతాడు.

మునిగినా మిగిలినవి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు సొంతూళ్లున్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు రెండు చోట్లు చూసి రండి.

మొదటిది అలంపురం. దండయాత్రల కాలంలో జోగులాంబ ఆలయం ధ్వంసమైతే, అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరాలయంలో ఉంచి శతాబ్దాలపాటు కొలిచారు. 2005లో కొత్త ఆలయంలో అమ్మ మళ్లీ కొలువుదీరింది. శ్రీశైలం జలాశయంలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఇక్కడికే తెచ్చి నిలబెట్టారు. 2009 అక్టోబర్ వరదలు ఈ నదీతీరాన్ని ముంచెత్తాయి. నీళ్లు తీశాక జనం బురద కడుక్కుని మళ్లీ దీపం పెట్టారు. ఊళ్లు మునిగినవాళ్ల బాధ చిన్నది కాదు. ఆ బాధలోనూ పూజ ఆగలేదు, పంట ఆగలేదు.

రెండోది వనపర్తి దగ్గరి శ్రీరంగాపురం. రంగసముద్రం చెరువు ఒడ్డున రంగనాయకస్వామి గుడి ఉంది. రంగనాథుడంటే శేషతల్పం మీద పవళించే స్వామి. ప్రళయజలాల మీద ఆయన్ను మోసే పాముకి శేషుడని పేరు. శేషం అంటే మిగిలినది. ఆ సినిమాలో మిగిలిపోవడం శిక్ష. మన పురాణంలో అంతా మునిగాక మిగిలినదే స్వామికి పడక, రాబోయే సృష్టికి ఆధారం.

ఈ వారం సాధన

1. యుగాంతం తేదీలు చెప్పే వీడియో వస్తే ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఇంట్లో పెద్దవాళ్లకు అసలే పంపకండి.

2. రోజూ 48 నిమిషాలు, అంటే ఒక్క ముహూర్తం, ఫోన్ పక్కన పెట్టి నామజపమో భాగవత పఠనమో చేయండి. కుదరకపోతే పది నిమిషాలతో మొదలుపెట్టండి.

3. పడుకునే ముందు పరీక్షిత్తు ప్రశ్న వేసుకోండి: "నాకు ఏడు రోజులే ఉంటే ఎవరితో మాట్లాడాలి, ఏ అప్పు తీర్చాలి, ఎవరిని క్షమించాలి?" వచ్చిన జవాబుల్లో ఒకటి మర్నాడే చేసేయండి.

వచ్చే వారం ఖట్వాంగుడి కథ పూర్తిగా చెప్పుకుందాం. అందాకా భయం వద్దు, నామం వదలొద్దు.

శుభం.