అక్కకి నోటీసు పంపే ముందు

భోగాపురం

చిరంజీవి చిన్నబాబుకి,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నీ కోపమంతా విన్నాను గానీ నేను చెప్పవలసింది ఒక్కటీ చెప్పలేకపోయాను. ముప్పై ఆరేళ్లు విజయనగరంలో ప్లీడరు గుమాస్తాగా చేసినవాణ్ణి. కాగితం ముందు కూర్చుంటేనే నా ఆలోచన ఒక దారికి వస్తుంది. ఇది సాంతం చదువు, కోపం తర్వాత తెచ్చుకుందువు గాని.

హక్కు విడుదల కాగితం మీద అక్క సంతకం పెట్టనంటోంది కాబట్టి నోటీసు పంపిస్తావు, లొంగకపోతే దావా వేస్తావు. పాసుపుస్తకం నీ పేరున ఉంది గనక తోట నీదే అంటున్నావు. ఆ ఎకరం ఎనభై సెంట్లు మీ నాన్న చిట్టివలస జూట్ మిల్లులో షిఫ్టులు చేసి, జీతంలోంచి మిగిల్చి కొన్నాడు. బయానా ఇచ్చిన రోజున నేను పక్కనే ఉన్నాను. తర్వాత వీలునామా రాయకుండానే వెళ్లిపోయాడు. సొంత సంపాదన, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకొకటి, అక్కకొకటి, నీకొకటి. తలా అరవై సెంట్లు. పాసుపుస్తకంలోనూ 1-బీ రిజిస్టరులోనూ పేరు ఎక్కించేది రెవెన్యూ వాళ్ల లెక్క కోసం. దానివల్ల ఒకరి సొత్తు ఇంకొకరిది కాదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. నాన్న పోయినప్పుడు ముగ్గురి పేర్లూ ఎక్కించవలసింది. నీ ఒక్కడి పేరు ఎక్కించి ఊరుకున్నాం. పెద్దవాణ్ణి, అప్పుడు నేనూ మాట్లాడలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

తాతల నాటి భూమి అయినా నీ మాట నిలవదు. ఆడపిల్లకి పుట్టుకతోనే హక్కని దేశమంతటికంటే ముందు చట్టం చేసిన రాష్ట్రాల్లో మనదొకటి. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి ఆ హక్కు వచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి పెళ్లయినవాళ్లకీ వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానం పదిహేనేళ్లు నలిగింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది.

"పెళ్లికి ఎంత పెట్టామో నీకు తెలుసు కదా మావయ్యా" అన్నావు. తెలుసు నాయనా, లెక్క రాసింది నేనే. కట్నం ఇవ్వడం 1961 చట్టం ప్రకారం నేరం. దాన్ని తీసుకెళ్లి కోర్టులో అక్క వాటా కింద జమ చూపిస్తావా? పసుపు కుంకుమల పేరుతో పెట్టింది ప్రేమతో పెట్టాం. దాన్ని ఇప్పుడు అప్పుగా మార్చకు.

అసలు ఈ గొడవ ఎప్పుడు పుట్టిందో చూడు. నాన్న పోయిన ఏడు ఆ తోటని అడిగినవాడు లేడు. జీడిపిక్కలు ఏరించిన కూలి కూడా గిట్టుబాటు కాని ఏళ్లున్నాయి. ఆ రోజుల్లో పంచుకుందామంటే అక్కే వద్దనేది. 2015లో మన భోగాపురానికి విమానాశ్రయం మాట వచ్చింది. మొదట 15,000 ఎకరాలన్నారు, తర్వాత 5,000 పైచిలుకన్నారు, చివరికి సుమారు 2,200 ఎకరాల దగ్గర నిలిచింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపనలు జరిగాయి. భూమికి గిరాకీ పెరిగేసరికి ఈ మధ్యలో గట్టు మీద సర్వి చెట్టు కూడా తగాదా అయిపోయింది. నోటి మాటతో పంచుకుని నలభై ఏళ్లు సుఖంగా దున్నుకున్న అన్నదమ్ములు "ఆ పంపకం ఎక్కడ రాసుంది?" అని ఒకర్నొకరు నిలదీసుకోవడం మన మండలంలో కళ్లారా చూశాను. దుర్మార్గులు కారు వాళ్లు. తేల్చుకోవలసిన నాడు తేల్చుకోకుండా తర్వాత చూద్దాం అనుకున్నారు, అంతే. మనమూ ఆ పనే చేశాం.

వేళకి చెప్పవలసింది చెప్పకపోతే ఏమవుతుందో చూడు. భూసేకరణలో పొలం పోయిన ఇద్దరు రైతులు నాకు తెలుసు. పక్కపక్క పొలాలు, ఒకటే ధర. ఇద్దరికీ ఆ ధర చాలదనిపించింది. మొదటాయన కాగితం మీద "అభ్యంతరం తెలియజేస్తూ తీసుకుంటున్నాను" అని ఒక్క వాక్యం రాసి డబ్బు తీసుకున్నాడు. రెండో ఆయన మొహమాటపడి ఏమీ రాయకుండా సంతకం పెట్టాడు. 2013 భూసేకరణ చట్టంలో దీని మీద ఖచ్చితంగా ఉంది. అభ్యంతరం తెలపకుండా డబ్బు తీసుకున్నవాడు పరిహారం పెంచమని అర్జీ పెట్టుకోలేడు. అభ్యంతరం తెలిపినవాడైనా, కలెక్టరు పరిహారం అవార్డు ఇచ్చిన రోజున హాజరై ఉంటే ఆరు వారాల్లో అడగాలి. సరైన కారణం చూపిస్తే కలెక్టరు మరో ఏడాది లోపు తీసుకోవచ్చు. ఆ రెండో ఆయన మా ఇంటికి వచ్చి కాగితాలు నా ముందు పరిచిన రోజు నేనేం చెప్పగలను? న్యాయం ఆయనవైపే ఉందని నాకూ అనిపించింది, కానీ అడిగే దారి ఆ సంతకంతోనే మూసుకుపోయింది.

ఇంకొక సంగతి. వాటాల మీద పేచీ ఉంటే పరిహారం ఎవరి చేతికీ రాదు. పేచీ తేలేదాకా డిపాజిట్లో పడి ఉంటుంది. డబ్బు వస్తుందని అక్కాచెల్లెళ్లతో తగువు పడినవాళ్లు ఏళ్ల తరబడి వాయిదాల బస్సు చార్జీలు పెట్టుకోవడం చూశాను.

మా ఆఫీసులో నడిచిన కేసు ఒకటి చెప్తాను, ఊరూ పేరూ వద్దు. అన్నదమ్ములు. మధ్య గట్టు మీద ఒక వరస కొబ్బరి చెట్లు, పదకొండు. ఎవరివని తగువు. తమ్ముడు ఇంజంక్షన్ దావా వేశాడు. కమిషనరు వచ్చి కొలిచాడు, ఆ కొలత తప్పని అన్న పిటిషను వేశాడు. సాక్షుల్లో ఒకడు పోయాడు, ఇంకొకడికి మతిమరుపొచ్చింది. ఇంతలో అన్న చనిపోయాడు. ప్రతివాది చనిపోతే తొంభై రోజుల్లో వారసుల్ని దావాలో చేర్చాలి. కబురు నాకు తెలుసు, డైరీలో వేసుకోవడం మరిచాను. దావా పడిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి, ఆలస్యం మన్నించమని అడగడానికి రెండేళ్లు పట్టింది. నా మతిమరుపుకి ఆ తమ్ముడు చెల్లించిన ఆ రెండేళ్లని నేనీ రోజుకీ మరిచిపోలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే పదకొండు చెట్లలో ఒక్కటీ నిలబడి లేదు. ఆ తర్వాత కూడా దావా మూడేళ్లు నడిచింది. అన్నగారి కొడుకు, తమ్ముడు ఇద్దరూ కోర్టు అరుగు మీద చెరో చివర కూర్చునేవారు. ఆ పిల్లవాడు చిన్నప్పుడు బాబాయి భుజమ్మీద ఎక్కి జాతర చూసినవాడు. తీర్పు వచ్చింది గానీ, చెట్లు లేని గట్టు ఎవరిదైతేనేం?

కోర్టులంటే నాకు చులకన లేదు, అక్కడి అన్నం తిన్నవాణ్ణి. నిజంగా అన్యాయం జరిగిన పేదవాడికి ఆ మెట్లే దిక్కు. అందుకే చెప్తున్నాను, అవసరం పడితే గడువు దాటకుండా వెళ్లాలి. ప్రామిసరీ నోటుకి మూడేళ్లు. ఆ లోపు బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే మళ్లీ మూడేళ్లు. చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నీ స్నేహితుడికి ఇచ్చిన రెండు లక్షల నోటు తేదీ ఒకసారి తీసి చూసుకో, ఎందుకైనా మంచిది.

మన విషయానికొస్తాను. తోట నీదే అంటూనే దాన్ని అడ్డంగా కొయ్యాలని నువ్వు చూస్తున్నావు, రోడ్డు వైపు ముక్క నీకు, లోపలిది అక్కకి. ఆమె సంతకం పెట్టనన్నది అందుకే. నువ్వు వాటా ఇవ్వనన్నందుకు కూడా కాదు, దారి లేని ముక్క ఇచ్చి హక్కు విడుదల కాగితం చేతిలో పెట్టినందుకు. పోయిన పండక్కి తగరపువలసలో అక్క ఇంటికి వెళ్తే నాతో ఒక్క మాటే అంది: "తమ్ముడికి కావాలంటే ఇచ్చేసేదాన్ని మావయ్యా, అడగకుండా రాయించుకొచ్చాడు." ఆ మాట నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

నిలువుగా కొయ్యి. మూడు పట్టీలు, మూడింటికీ రోడ్డు ముఖం. అమ్మ పట్టీ మధ్యలో ఉండనీ. లైసెన్సున్న సర్వేయరు చేత కొలిపించి, రాళ్లు పాతి, పటం గీయించి, పంపకం దస్తావేజు రిజిస్టరు చేయిద్దాం. రిజిస్టరు కాని పంపకం కాగితం రేపు మీ పిల్లల కాలానికి మళ్లీ తగువవుతుంది. మన మాటతో తేలకపోతే విజయనగరంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దావా వెయ్యకుండానే లోక్ అదాలత్‌లో పెట్టొచ్చు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చాలు. ఈ సంగతి అక్కకి కూడా చెప్పాను. నీకు చెప్పి ఆమెకి చెప్పకపోతే నేను ఇద్దరికీ మావయ్యని కాను.

శనివారానికి రా. విజయనగరం స్టేషనుకి నేను వస్తాను. నాన్న కొన్నప్పటి దస్తావేజు అమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీరల కింద ఉంటుంది. తోట మీద లావాదేవీలు చూపే ఈసీ నేను తీయించి ఉంచుతాను. నాన్న మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నీ దగ్గరున్నవి తీసుకురా. వకీలు రాసిచ్చిన ఆ నోటీసు మాత్రం తీసుకురాకు. తగరపువలసలో మధ్యాహ్నం అక్క ఇంట్లోనే భోజనం, చెప్పేశాను. చేపల పులుసు పెడతానంది, నువ్వు ముల్లు తీసుకోలేవని గుర్తుపెట్టుకుని కోనాం తెస్తానంది.

ఇట్లు,
మీ మావయ్య