సోయా చెక్కకు బదులేది? జవాబు వెతికేవారికి యానిమల్ న్యూట్రిషన్

దక్షిణాఫ్రికాలోని ఔట్స్‌హోర్న్ ప్రాంతం ఆస్ట్రిచ్ పెంపకానికి పెట్టింది పేరు. మాంసం, తోలు, ఈకలు మూడూ అమ్ముడుపోతాయి. అయినా రైతుకు మిగిలేది ఎంతో తేల్చేది మేతే. ఖర్చులో సుమారు 70 నుంచి 75 శాతం దానికే పోతుంది. ప్రొటీన్ కోసం వేసే సోయా చెక్క మరీ ఖరీదు. సోయా పండేది ఎక్కువగా దేశం తూర్పు వైపున. ఆస్ట్రిచ్ ఫారాలకు దగ్గర్లో పండేవి కనోలా, తీపి లూపిన్ గింజలు. అందుకే వెస్టర్న్ కేప్ వ్యవసాయ శాఖ, స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సోయాకు బదులు కనోలా, లూపిన్, పత్తిగింజల చెక్క పెట్టి పక్షుల ఎదుగుదలను పరీక్షించారు.

యానిమల్ న్యూట్రిషన్‌లో పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఇలాంటి పరీక్షను దగ్గర్నుంచి చూడాలి. పక్షులను గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు సోయా మేత, మిగతావాటికి సోయా తగ్గించి పత్తి చెక్క పెంచిన మేతలు. వేసిన మేతను, తొట్టిలో మిగిలినదాన్ని తూకం వేసి రాస్తారు. పక్షి తలకు గుడ్డ తొడుగు వేస్తే నెమ్మదిస్తుంది. అప్పుడు కాటా మీదికి ఎక్కిస్తారు. ఎంత తింటే కిలో పెరిగింది, ఆ కిలోకు ఎంత ఖర్చయింది? ఈ రెండు అంకెల కోసమే నెలల తరబడి కష్టం.

ప్రొటీన్ శాతం సరిపోయిందని మేత మార్చేయకూడదు. ల్యాబ్‌లో నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తే ముడి ప్రొటీన్ వస్తుంది. యూరియా కలిపినా అంకె పెరుగుతుంది. పత్తి చెక్కలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పైగా గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. లూపిన్‌లో మరో అమైనో ఆమ్లం మెథియోనిన్ చాలదు. పక్షి పేగులనూ లెక్కలోకి తీసుకోవాలి. ఆస్ట్రిచ్ పెద్దపేగులో పీచు పులిసి శక్తినిస్తుంది. లూసర్న్ మేత నుంచి కోడికి అందే శక్తికి దాదాపు రెట్టింపు దీనికి అందుతుంది. కోళ్ల పట్టికలు చూసి ఆస్ట్రిచ్‌కు మేత కలిపితే లెక్క తప్పుతుంది. నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం కలిగించేది ఇదే. ఇందులో బట్టీ పనికిరాదు.

ఈ రంగంలోకి రావాలంటే ఇంటర్ బైపీసీ తర్వాత బీవీఎస్సీ ఐదున్నరేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపైన యానిమల్ న్యూట్రిషన్‌లో ఎంవీఎస్సీ రెండేళ్లు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర, రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలు మన దగ్గరే ఉన్నాయి. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ ఉంది. బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ డిగ్రీలవారు ఫీడ్ మిల్లుల నాణ్యతా ల్యాబుల్లో ప్రయత్నించవచ్చు.

ఇది చదివి ఎవరూ ఆస్ట్రిచ్ ఫారం పెట్టే ఆలోచన చేయకండి. ఈము పక్షులు కొని, కొనేవాళ్లు లేక మన రైతులు ఎంత నష్టపోయారో చూశాం. మీకు ఉద్యోగం దొరికేది కోళ్లు, పాడి పశువులు, రొయ్యల మేత దగ్గర. అక్కడా సోయా ధర పెరిగిన ప్రతిసారీ దానికి బదులేది అన్న ఇదే ప్రశ్న వస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో ఫీడ్ మిల్లుకు వెళ్తే, వచ్చిన చెక్క బస్తాల నుంచి శాంపిల్ ఎలా తీస్తున్నారో, ఏ రిపోర్టు చూసి లోడు వెనక్కి పంపుతున్నారో అడిగి రాసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ అనుభవం అదే అవుతుంది.